వెనక్కి తొక్కితే ఆగే సైకిలు

సముద్రం పొంగి నీళ్ళొచ్చాక డెబ్భయ్యో ఏడు అది. మా దీవుల్లో అందరిదీ ఇదే లెక్క. పెళ్ళిళ్ళూ చావులూ వంతెన కట్టడమూ, అన్నీ నీళ్ళకు ముందో నీళ్ళ తరువాతో జరిగినవే. నీళ్ళొచ్చినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు, చెల్లెలు క్రీనాకు ఐదు. మా ఇల్లు అవతలి దీవిలో ఉండేది. ఇల్లూ బడీ మునిగాక మమ్మల్ని పడవెక్కించి ఇవతలి దీవిలో పిన్ని ఇంట దింపారు. నేను మళ్ళీ బడి ముఖం చూడలేదు. ఇద్దరమూ ఇక్కడే ఉండిపోయాం. క్రీనా లీవెన్‌ను పెళ్ళి చేసుకుంది. నేను ఎవరినీ చేసుకోలేదు. వాళ్ళ ఇల్లు కరకట్ట కింద, నాది వాళ్ళ పెరటి వెనక.

ఆ ఏడు వసంతంలో ఒక ఉదయం క్రీనా నా బల్ల దగ్గర కూర్చుని రొయ్యలు ఒలుస్తోంది. వాళ్ళింట్లో ఒలిస్తే లీవెన్ వస్తూ పోతూ గిన్నెలో చెయ్యి పెడతాడు. ఒలిచే కొద్దీ కుప్ప తగ్గుతుంది గాని పెరగదు. అందుకని రొయ్యలు కొన్న రోజు నా ఇంటికి వస్తుంది. ఒలుచుకుని పోయి, వండి, మధ్యాహ్నం నాకింత గిన్నెలో పెట్టుకుని మళ్ళీ వస్తుంది.

"అన్నయ్యా, నాకు వంతెన దాటి అవతలికి పోవాలని ఉంది," అంది. "సైకిలు మీద. ఒక్కదాన్నే."

నేను ఊఁ అన్నాను.

నేను మాట్లాడనని తెలిసే క్రీనా నాతో మాట్లాడుతుంది. గోడకు చెప్పుకున్నట్టే ఉంటుంది, కాకపోతే గోడ కాఫీ పెట్టివ్వదు అంటుంది. ఆ ఉదయం రొయ్యలు అయిపోయాక కూడా చెబుతూనే ఉంది. నేను విన్నాను.

వంతెన కట్టి ఇన్నేళ్ళయింది గదా, ఎన్నిసార్లు దాటినా కారులోనే, లీవెన్ పక్కన కూర్చునే దాటింది. అడిగితే తీసుకుపోతాడు, కాదనడు. కాదనకపోవడమే వచ్చిన చిక్కు. అడగాలి గదా. అడిగితే ఎందుకు అంటాడు. ఎందుకు అంటే చెప్పడానికి ఒక పని ఉండాలి, పంటి డాక్టరో, ఊలు కొట్టో. సముద్రం చూడాలని ఉందంటే మనింటి వెనకున్నది ఏమిటి, పాలా అంటాడు. సరే, ఊలు కొట్టు అని పోతే, తను లోపల ఉన్నంతసేపూ బయట కారు ఆపకుండా కూర్చుంటాడు. ఇంజను గురగుర వింటూ ఊలు రంగు ఎంచుకోవాలి. ఇంట్లో అందరి స్వెట్టర్లూ బూడిదరంగువి ఎందుకయ్యాయనుకున్నావు, కొట్టులో గుమ్మం పక్కన ఉండేది బూడిదరంగే. పాపం మనిషి చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే బాగుండేది, ఒక రోజు తిట్టేసి పోవచ్చు. మంచివాణ్ణి ఏం చెయ్యాలి? డెబ్భై అయిదేళ్ళు వస్తున్నాయి. తను అడిగేది ఏమంత పెద్ద కోరిక? పొద్దున్నే లేచి, ఎవరికీ రొట్టెలు కట్టకుండా, తనకు కూడా కట్టుకోకుండా, ఎక్కడికి ఎందుకు అని ఎవరికీ చెప్పకుండా సైకిలెక్కి పోవాలి. వంతెన అవతల జీరిక్‌జే రేవులో ఒక బల్ల మీద కూర్చుని, ఇంకెవరో వేయించిన చేపముక్కలు, ఇంకెవరో కడిగే పళ్ళెంలో, వేడిగా ఉండగానే తినాలి. వేడిగా ఉండగా తను తిన్నది ఎప్పుడో గుర్తులేదు. అందరికీ వడ్డించి కూర్చునేసరికి లీవెన్ రెండోసారి పెట్టమంటాడు.

మోకాలు ఇంకా మాట వింటోంది గాని, ఎన్నాళ్ళు వింటుందో తెలియదు. పోవడానికి ఇబ్బంది లేదు. మా గాలి నైరుతి నుంచి వస్తుంది, వెనక నుంచి తోసుకుపోతుంది. తిరిగి రావడమే కష్టం. వంతెన పొడుగునా ఎదురుగాలి, నిలబడి తొక్కినా సైకిలు కదలదు.

"అందుకని కరెంటు సైకిలు కావాలి," అంది. "లేకపోతే ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు, నేను అవతలికి పోవడం అనేది ఉండదు. కారులో పోవడమే ఉంటుంది."

నేను మళ్ళీ ఊఁ అన్నాను. క్రీనా గిన్నె తీసుకుని వంట చెయ్యడానికి పోయింది.

ఆ ఆదివారం చర్చి అయ్యాక అందరం వాళ్ళింట్లో కాఫీకి కూర్చున్నాం. మేనల్లుడు వౌటర్, వాడి భార్య మర్లూస్ కూడా వచ్చారు. వౌటర్‌కు పట్నంలో బీమా ఆఫీసులో ఉద్యోగం. ఏం చూసినా ముందు అది ఎలా విరుగుతుందో చెబుతాడు. క్రీనా కాఫీ పోస్తూ, కరెంటు సైకిలు తీసుకుందామనుకుంటున్నా అంది. అంతే. ఆ మాట బల్ల మీద పడిన దగ్గర్నుంచి అది ఆమె మాట కాకుండా పోయింది.

తీసుకోవడం ఎందుకని లీవెన్ అడిగాడు. అడిగింది క్రీనాను కాదు, వౌటర్‌ను. ఉన్న సైకిలుకు ఏమొచ్చింది? అలాంటి ఇనుము ఈ రోజుల్లో పొయ్యడు ఎవడూ. మోటారు లోపల పెట్టిన చక్రం ఒకటి అట్టపెట్టెలో ఇంటికొస్తుంది, పాతది విప్పి ఇది బిగించడమే, ఒక్క శనివారం పని. వౌటర్ ఒప్పుకోలేదు. అది పెంకుటింటికి లిఫ్టు పెట్టినట్టుంటుంది నాన్నా అన్నాడు. కొన్నదైతే మోటారుకు తగ్గ చట్రం, మోటారుకు తగ్గ తీగలు, రెండేళ్ళ గ్యారంటీ. అమ్మ వయసులో పడితే తుంటి ఎముక, తుంటి ఎముక అంటే ఏమిటో ఆఫీసులో రోజూ చూస్తున్నా అన్నాడు. టీ సంచిని రెండుసార్లు ముంచే మనుషులం మేము. కొత్త సైకిలు ధర వినగానే లీవెన్ చేతిలో కప్పు కింద పెట్టాడు. దానికి ఒక ఆవు వస్తుంది అన్నాడు. ఆవు మీద అమ్మ ఎక్కడికి పోతుంది అన్నాడు వౌటర్.

మోటారు మధ్యలో ఉంటే మంచిదా, వెనక ఉంటే మంచిదా అని ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. మర్లూస్ మంచి పిల్ల, అత్తగారి వైపు తిరిగి, ఎరుపు తీసుకోండి అత్తయ్యా, లారీవాళ్ళకు దూరం నుంచే కనిపిస్తారు అంది. అంత వేగం మీ అమ్మకు ఎందుకు, కొట్టు ఇక్కడేగా అన్నాడు లీవెన్. క్రీనా రెండు విడతలు కాఫీ పోసింది. బిస్కెట్ల డబ్బా తిప్పి, తలా ఒకటి తీసుకున్నాక మూత పెట్టేసింది. ఎక్కడికి పోవాలని ఆమెను ఎవరూ అడగలేదు. ఆ ఉదయం మొత్తం మీద ఆమెను అడిగిన ప్రశ్న ఒక్కటే.

"ఇంకా ఉందా కాఫీ?" అన్నాడు లీవెన్.

తరువాతి వారమే అట్టపెట్టె వచ్చింది. లీవెన్ మాట నెగ్గిందని చెప్పలేను. వౌటర్ ఇంకా మాట్లాడుతుండగానే అతను చక్రం తెప్పించేశాడు, అంతే.

ఒక్క శనివారం అన్న పని పాకలో మూడు శనివారాలు పట్టింది. అన్నాళ్ళూ క్రీనా కొట్టుకు నడిచి పోయింది, సైకిలు తలకిందులుగా పాకలో ఉంది గనక. నడిచి వచ్చి, కాఫీ పట్టుకుని పాకలోకి పోయేది. పోయాక లీవెన్ దీపం పట్టుకోమనేవాడు. కాస్త ఇటు, కాస్త అటు, నీ నీడ పడుతోంది అనేవాడు. పానా అందించమనేవాడు, అందించిన పానా కాదనేవాడు. నేనూ పోయి హ్యాండిలు పట్టుకునేవాణ్ణి. కరకట్ట మీద పోయేవాళ్ళు ఏం చేస్తున్నావు లీవెన్ అంటే, ఒక్కణ్ణే అవస్థ పడుతున్నా అనేవాడు. మేమిద్దరం అక్కడే ఉండేవాళ్ళం.

క్రీనా ఆ దీపం సంగతి మధ్యాహ్నం నా ఇంట్లో గిన్నె మూత తీస్తూ చెప్పింది. ఉల్లిపాయల షెడ్డులో కూడా ఇంతే అన్నయ్యా అంది. పిల్లవాడు బడికి పోయే వయసు వచ్చాక పదహారేళ్ళు అక్కడ ఉల్లిపాయలు ఏరింది. కుళ్ళిన ఉల్లిపాయ పైకి నవనవలాడుతూ ఉంటుంది, వేలితో నొక్కితే గాని తెలియదు. కొత్తగా వచ్చిన ఒక మగమనిషికి తనే నొక్కి నొక్కి నేర్పింది. ఆరు నెలలకు అతన్ని మేస్త్రీని చేశారు. ఆడవాళ్ళకు చూపు పోదు, ఏరుడికి వాళ్ళే కావాలి అన్నాడట యజమాని, పెద్ద మెచ్చుకోలు లాగా. మేస్త్రీ అయిన మొదటి రోజు అతను వరస వెంట వచ్చి, అమ్మాయిలూ కాస్త వేగంగా అన్నాడు. అతని కన్నా తను పన్నెండేళ్ళు పెద్ద. ఆ రోజు ఇంటికొచ్చి లీవెన్‌కు చెబితే, చేతులు కడుక్కో, ఇల్లంతా ఉల్లి వాసన అన్నాడట. కోపం రాలేదు, చేతులు కడుక్కుంది. కడుక్కుంటూ ఒకటే అనుకుందట, ఈ చేతులు ఎవరివి? షెడ్డులో యజమానివి, పాకలో దీపం స్తంభం, వంటింట్లో అందరివీ. తనవి అయ్యేది ఎప్పుడు అంటే కడుక్కునేటప్పుడే. అది కూడా ఇంకొకరు కడుక్కోమంటేనే. చెప్పి నవ్వింది. నేను బంగాళాదుంప తింటున్నాను. ఆ రోజు కొంచెం ఉప్పు తక్కువైంది, చెప్పలేదు.

మూడో శనివారం మధ్యాహ్నానికి సైకిలు తయారైంది. లీవెన్ ముందు తనే ఎక్కి ఊరంతా ఒక చుట్టు తిరిగి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. పదిహేను కిలోమీటర్ల వేగం దాటకుండా కట్టేశానే, లేకపోతే భయపడతావు అన్నాడు. వౌటర్, మర్లూస్ వచ్చారు. పక్కింటివాళ్ళు కంచె దగ్గర నిలబడ్డారు. క్రీనా ఎడమచేత్తో సంచి ఒకటి హ్యాండిలుకు ఆనించి పట్టుకుంది. వస్తూ వస్తూ కొట్టులో పాలు తెమ్మన్నాడు లీవెన్.

ఎక్కింది. కరకట్ట మీదికి ఏటవాలు దారి ఉంది, దానిమీద మామూలుగా అందరమూ దిగి నడిపిస్తాం. క్రీనా దిగలేదు. ఎవరో నడుము కింద చెయ్యి వేసి ఎత్తినట్టు పైకి పోయింది. పైన కట్ట మీద గాలికి ఎదురుగా కొంతదూరం పోయి తిరిగింది. నా కళ్ళు ఇంకా దూరం బాగా చూస్తాయి. నవ్వుతోంది. ఆ నవ్వు చిన్నప్పుడు చూసిందే, మళ్ళీ చూడలేదు. తరువాత ఏటవాలులో మా వైపు దిగడం మొదలుపెట్టింది. సగం దిగాక కాళ్ళు వెనక్కి తొక్కాయి. పెడళ్ళు గిర్రున వెనక్కి తిరిగాయి, చక్రం మానాన చక్రం ముందుకే పోయింది. మళ్ళీ వెనక్కి తొక్కింది, మళ్ళీ తిరిగాయి. లీవెన్ చెయ్యి చెయ్యి అని అరుస్తున్నాడు. క్రీనా మా మధ్య నుంచి, తిన్నగా వెళ్ళి రెల్లులో నుంచి కాలవలోకి దిగిపోయింది. అవతలి గట్టు మీద గొర్రెలు తలెత్తి చూసి మళ్ళీ మేతకు దించాయి.

కాలవ లోతు లేదు. క్రీనా మోకాళ్ళ పైదాకా నీళ్ళలో, పచ్చటి నాచు మెడలో వేసుకుని నిలబడింది. లీవెన్ పరుగెత్తి బ్యాటరీ, బ్యాటరీ అంటూ ముందు సైకిలును పైకి లాగాడు. నేను క్రీనాకు చెయ్యి అందించాను. వౌటర్ అప్పటికే నేను చెప్పలేదా అంటున్నాడు.

"చేతి బ్రేకు ఉంది కదే, పట్టుకోవద్దూ," అన్నాడు లీవెన్.

ఆ సైకిలు పాత రకం. వెనక్కి తొక్కితే ఆగుతుంది. ఆ ఆపేదంతా వెనక చక్రం ఇరుసులో ఉంటుంది. లీవెన్ ఆ చక్రమే తీసేసి మోటారు చక్రం పెట్టాడు. చేతి బ్రేకు ముందు చక్రానికి ఒకటి ఉంది గనక చాలనుకున్నాడు. అతను చేత్తోనే ఆగుతాడు.

క్రీనా గట్టు మీద కూర్చుని బూట్లలో నీళ్ళు వంపింది. రెండో బూటు కూడా వంపాక చెప్పింది.

"నా చేతులు ఎప్పుడు ఖాళీగా ఉన్నాయి లీవెన్, చేత్తో ఆగడానికి? ఒక చేతిలో పిల్లవాడు, ఒక చేతిలో గొడుగు. సంచులు. అన్నయ్యకు తీసుకెళ్ళే గిన్నె. నేను కాళ్ళతోనే ఆగాను."

"నాకేం తెలుసు? నువ్వు చెప్పలేదు."

"యాభై ఏళ్ళు నా ముందు తొక్కావు. నేను దేంతో ఆగుతానో నీకు తెలియదు."

గాలి నీకు తగలకుండానే గదా నేను ముందు తొక్కింది అన్నాడు లీవెన్, నిజంగానే నొచ్చుకుని. క్రీనా అతన్ని కింది నుంచి పైదాకా చూసింది. లీవెన్ గడకర్రలా ఉంటాడు. అతని వెనక గాలి ఆగిందంటే ఎవరూ నమ్మరు. పక్కింటావిడ కంచె దగ్గర నుంచి లోపలికి పోయింది, లోపల నవ్వడానికి.

ఆ తరువాత కొన్నాళ్ళు క్రీనా సైకిలు మాట ఎత్తలేదు. తెల్లవారుజామున పేపర్లు వేసే అమ్మాయి కోసం గుమ్మం దగ్గర నిలబడి, ఆ పిల్లతో ఏదో మాట్లాడుతుండడం నేను కిటికీలోంచి చూశాను. ఇద్దరూ వంగి ఆ పిల్ల సైకిలు చూస్తున్నారు. అడగలేదు.

జూన్‌లో క్రీనా పుట్టినరోజు వచ్చింది. మా దగ్గర పుట్టినరోజంటే ముందుగదిలో కుర్చీలన్నీ గుండ్రంగా వేస్తారు. వచ్చిన ప్రతివాళ్ళూ చుట్టూ తిరిగి, కూర్చున్న ప్రతివాళ్ళకూ చెయ్యిచ్చి అభినందనలు చెబుతారు. నీ భార్య పుట్టినరోజుకు అభినందనలు లీవెన్, మీ అమ్మ పుట్టినరోజుకు అభినందనలు వౌటర్, మీ చెల్లెలి పుట్టినరోజుకు అభినందనలు అని నాకు కూడా. పుట్టింది క్రీనా అయినా కుర్చీలో కూర్చుని చేతులు ఇచ్చేది మేము. క్రీనాకు చెప్పాలంటే వంటింటి గుమ్మంలో దొరకబుచ్చుకోవాలి, కేకు కోస్తూ కాఫీ మోస్తూ ఉంటుంది. ఎవరి పుట్టినరోజుకు వాళ్ళే అందరికీ పెట్టాలి, ఆచారం. లీవెన్ పుట్టినరోజుకు కూడా క్రీనాయే పెడుతుంది. అప్పుడు ఆ ఆచారం ఏమవుతుందో తెలియదు.

వౌటర్ సైకిలును రిబ్బను కట్టి ముందుగదిలోకే నడిపించుకు వచ్చాడు. ఎర్రగా ఉంది. కొట్టువాళ్ళు వారం రోజులు చూసుకోమని ఇచ్చారట. తొక్కుతుంటే వేగమూ దూరమూ ఒక చిన్న అద్దం మీద కనిపిస్తాయి. గుండ్రంగా కూర్చున్న మగవాళ్ళంతా వంగి చూశారు. లీవెన్ చూడలేదు. తరువాత మొదలైంది. మోటారు మధ్యలో ఉంటే గొలుసు అరుగుతుందని ఒకరు, వెనక ఉంటే గుంటల్లో కొడుతుందని ఒకరు, బిగించుకున్నదైతే చెడితే మనమే విప్పుకోవచ్చని లీవెన్, కొన్నదైతే చెడదని వౌటర్. క్రీనా ఒక చేతిలో కేకు పళ్ళెం, ఇంకో చేతిలో కాఫీ పాత్ర పట్టుకుని ఎర్ర సైకిలు పక్కన నిలబడింది. చెప్పు కొనతో పెడలును వెనక్కి తోసింది. అది గిర్రున తిరిగింది. అలాగే చూస్తూ నిలబడింది.

ఆ నిమిషంలో ఏమనుకుందో తరువాత నాకు చెప్పింది. వీళ్ళలో ఒకడు బిగిస్తానంటాడు, ఒకడు కొంటానంటాడు, ఇద్దరూ తన మేలు కోరేవాళ్ళే, ఇద్దరూ తనను ప్రేమించేవాళ్ళే, ఇద్దరి సైకిళ్ళ మీదా తను ఆగలేదు. అంతమంది ముందు కాలవలో పడినా వీళ్ళకు కనిపించింది సైకిలే. ఇన్నాళ్ళూ తను అడగడం రాక కాదు, అడిగినప్పుడల్లా వీళ్ళు దాన్ని తీసుకుని బాగుచెయ్యడం మొదలుపెడతారు. కొత్త సైకిలు కావాలా పాత సైకిలు కావాలా అని వీళ్ళు అడిగితే తను చెప్పగలదు. వీళ్ళు ఎప్పటికీ అడగరు. అయితే అడగకుండానే చెప్పాలి. ఇంత చిన్న సంగతి డెబ్భై అయిదో పుట్టినరోజు నాడా తట్టడం, అదీ కేకు పళ్ళెం పట్టుకుని. చెయ్యి లాగుతోంది. పళ్ళెం ఎవరి ఒడిలోనైనా పెట్టేస్తే ఏమవుతుంది? పెట్టి చూద్దాం అనుకుందట.

పళ్ళెం తెచ్చి లీవెన్ ఒడిలో పెట్టింది. కాఫీ పాత్ర వౌటర్ చేతికిచ్చింది.

"మోటారు ముందు చక్రానికి పెట్టాలి," అంది. "అప్పుడు వెనక చక్రం వెనక చక్రంలాగే ఉంటుంది. నా చక్రం నాకు తిరిగి కావాలి. ముందు చక్రం నేను తెప్పించుకున్నాను, రేపు వస్తుంది."

ముందు చక్రానికి పెడితే జారుతుంది తెలుసా అన్నాడు లీవెన్, పళ్ళెం పట్టుకుని. తడి రాళ్ళ మీద నెమ్మదిగా పోతే జారదట, పేపర్ల పిల్ల మూడేళ్ళుగా తొక్కుతోంది అంది క్రీనా. ఆ పిల్లకు కూడా చేతులు ఖాళీ ఉండవు అంది. మరి నేను కొన్న వెనక చక్రం ఏం చెయ్యాలి అన్నాడు లీవెన్. నీ సైకిలుకు పెట్టుకో, నీ చేతులు ఖాళీయేగా అంది. వౌటర్ కాఫీ పాత్ర పట్టుకుని ఏం చెయ్యాలో తెలియక నిలబడ్డాడు. కప్పు చాచిన మర్లూస్, నాకు సగం చాలు అంది భర్తతో.

ఎర్ర సైకిలు కొట్టుకు తిరిగి పోయింది. పాకలో ఈసారి క్రీనా ఉల్లిపాయల పెట్టె బోర్లించుకుని కూర్చుంది. లీవెన్ దీపం పట్టుకున్నాడు. దీపం పట్టుకోవడం అంత తేలికైన పని కాదు. అతని నీడ పడుతూనే ఉంది. క్రీనా మూడుసార్లు చెప్పి నాలుగోసారి అతని మోచెయ్యి పట్టుకుని జరిపింది. చెయ్యి నొప్పి పుడుతోందే అన్నాడు. తెలుసు అంది. ఇరుసు బిగించేటప్పుడు లీవెన్ అది అలా కాదు అనబోయి, క్రీనా తలెత్తి చూస్తే, దీపం ఇంకొంచెం దగ్గరగా పెట్టాడు. ఒక్క శనివారంలో అయింది. వేగం ఎంత పెట్టుకోవచ్చో అంతా పెట్టుకుంది.

ఆ ఆగస్టులో ఒక బుధవారం పొద్దున్నే సైకిలు కట్ట మీదికి ఎక్కించింది. లీవెన్ అడ్డం నిలబడలేదు గాని, పక్కన నిలబడి చాలా అడిగాడు. నేనూ కారులో వెనకాలే వస్తే ఏం, మధ్యాహ్నం తిండి సంగతేమిటి, ఎప్పుడొస్తావు, అసలు అక్కడేం పని. బంగాళాదుంపలు గోనెలో ఉన్నాయి అని ఒక్కదానికే జవాబిచ్చింది. నా వైపు చూసి, నీకు కూడా గోనెలోనే అన్నయ్యా అంది. బరువు లేని హ్యాండిలు మీద రెండు చేతులూ పెట్టుకుని పోయింది. వంతెన స్తంభాల మీద ఒక చుక్కలా కనిపించినంతసేపు చూశాను.

మధ్యాహ్నం లీవెన్, నేనూ దుంపలు ఉడకబెట్టుకున్నాం. సగం ఉడికాయి. మిగతా సగం గిన్నె అడుగున అంటుకుపోయాయి. ఇద్దరం ఏమీ మాట్లాడకుండా తిన్నాం. లీవెన్‌కు అది కష్టం. సాయంత్రం అయిదింటి నుంచి కట్ట మీదికీ ఇంటికీ తిరిగాడు.

ఏడు దాటాక నా ఇంటికి వచ్చాడు. క్రీనా ఫోను చేసిందట. రాత్రికి జీరిక్‌జేలోనే గది తీసుకుని ఉంటుందట. సైకిలు చెడిందా అని అడిగాడట, లేదంది. బ్యాటరీ అయిపోయిందా అంటే సగానికి పైగా ఉందంది. గాలా అంటే గాలి లేదంది. మోకాలా అంటే బాగుందంది. నిజమే, ఆ సాయంత్రం ఆకు కదలడం లేదు, ఎవరైనా వంతెన దాటి రావచ్చు.

"మరి ఎందుకు రావే అంటే ఏమందో తెలుసా బావా? రాలేక కాదు లీవెన్, ఉండాలని ఉంది అంది."

నేను ఊఁ అన్నాను.

లీవెన్ కుర్చీలో కూర్చున్నాడు. ఏదో అయ్యే ఉంటుంది బావా, చెప్పడానికి మొహమాటపడుతోంది అన్నాడు. ముందు చక్రం వద్దని నేను ముందే చెప్పాను అన్నాడు. అతని ముఖంలోకి కొంచెం బలం వచ్చింది. పొద్దున్నే ఏడింటికల్లా కారు తీస్తా, సైకిలు వెనక కట్టేసుకుని, తను లేచేసరికి గుమ్మంలో ఉంటా, పాపం అని లేచి నిలబడ్డాడు. పడుకోవడానికి పోయేముందు కారు వెనక సైకిలు కట్టే తాళ్ళు వెతికిపెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున నేను అయిదింటికి లేచాను. లీవెన్ ఇంకా లేవలేదు. వాళ్ళ వాకిట్లోకి పోయి కారు నాలుగు చక్రాల్లోనూ గాలి తీసేశాను. పాకలోంచి గాలి పంపు తెచ్చి నా మంచం కింద పెట్టుకుని, మళ్ళీ పడుకున్నాను.